పిండంలో చేతులు, కాళ్లు ఎలా మొలుస్తాయి: చపాతీ పిండితో చేసి చూపించే పద్ధతి

నేను మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్తాను. పిండంలో చేతులు, కాళ్లు ఏర్పడే పాఠం వచ్చిందంటే ప్రతి ఏడాది ఒకటే కథ. మొగ్గ, తెడ్డు, వేళ్లు అని బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, నెల తర్వాత అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒకరోజు ఇంట్లో చపాతీలకు కలిపిన పిండి డబ్బాలో పెట్టుకుని క్లాసుకు తీసుకెళ్లి, వాళ్ల చేతికే ఇచ్చి చేయించాను. ఆ బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడ కనబడినా ఆ పాఠం చెప్పగలరు. తర్వాత ఊళ్లలో గర్భిణుల మీటింగులకు పిలిచినప్పుడు కూడా ఇదే చేస్తున్నాను.

ఊళ్లలో చేయడానికి ఇంకో కారణం ఉంది. ఒక మీటింగ్ అయిపోయి అందరూ లేచి వెళ్తుంటే ఒక తల్లి ఆగి, మెల్లగా అడిగింది: "మేడం, గ్రహణం నాడు నేను కత్తిపీట ముందల కూసొని వంకాయలు కోసిన. మా పిలగానికి రెండు వేళ్లు అతుక్కున్నయి. అందుకేనా?" అప్పటికి పిల్లవాడికి రెండేళ్లు. రెండేళ్లుగా అత్తగారు ఆ మాట అంటూనే ఉన్నారట, ఈమె వింటూనే ఉంది. "అట్లేం కాదమ్మా" అని చెప్పాను గానీ, ఆ ఒక్క మాటతో ఎవరి మనసూ కుదుటపడదు. వేళ్లు ఏ రోజుల్లో విడిపోతాయో ఆమే లెక్కపెట్టుకోగలిగితే అప్పుడు నమ్ముతుంది. అందుకే పిండి కంటే ముందు క్యాలెండర్ తీయాలి.

ముందు రోజుల లెక్క సరిచేసుకోండి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నర్సింగ్ పిల్లలు కూడా. డాక్టర్లు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. పిండం గురించి రాసే పుస్తకాలు మాత్రం గర్భం నిలిచిన రోజు నుంచి లెక్కపెడతాయి. రెండిటికీ మధ్య దాదాపు రెండు వారాల తేడా. పుస్తకంలో "4వ వారం" అని ఉంటే, మీ చేతిలో ఉన్న స్కాన్ రిపోర్టు లెక్కలో అది 6వ వారం. ఈ తేడా చెప్పకుండా ముందుకు పోతే వినేవాళ్లకు అన్నీ రెండు వారాలు అటూ ఇటూ అవుతాయి.

క్యాలెండర్ మీద ఒక నెలసరి తేదీకి గుండ్రం చుట్టండి. అక్కడి నుంచి 28 రోజులకు ఇంకో గుండ్రం, అది నెల తప్పిన రోజు. ఇప్పుడు మొదటి గుండ్రం నుంచి 40వ రోజు దగ్గర చుక్క పెట్టండి. చేతుల మొగ్గలు కనబడేది అప్పుడే. 42వ రోజు దగ్గర కాళ్ల మొగ్గలు. 70వ రోజు దగ్గర ఒక పెద్ద చుక్క, అప్పటికి చేతి వేళ్లు, కాలి వేళ్లు అన్నీ విడివిడిగా అయిపోతాయి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉండొచ్చు, నెలసరి ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది, అయినా లెక్క మాత్రం ఇదే.

అంటే నెల తప్పిన పన్నెండు రోజులకు చేయి మొదలవుతుంది, నెల తప్పిన ఆరు వారాలకు వేళ్లతో సహా ఆకారం పూర్తవుతుంది. ఆ క్యాలెండర్‌ను గుంపులో అందరికీ చూపించి ఒక్కసారి అడగండి: మీరు ఆసుపత్రికి మొదటిసారి ఎప్పుడు పోయారు? మా దగ్గర చాలామంది "రెండో నెల దాటినంక", "మూడో నెలల" అంటారు. కొందరైతే పుట్టింటికి పోయొచ్చాక చూపించుకుందామని ఆగినవాళ్లు. అప్పటికి చేతులు, కాళ్లు తయారైపోయి ఉన్నాయని అర్థమైనప్పుడు గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. ఆ నిమిషాన్ని అలాగే ఉండనివ్వండి, వెంటనే పిండిలోకి దూకకండి.

ఏమేం కావాలి

రెండు పిడికిళ్ల గోధుమ పిండి, పూరీలకు కలిపినట్టు గట్టిగా. జొన్న పిండి వద్దు. మన ఇళ్లలో అదే ఎక్కువ ఉంటుందని నేను మొదట దాంతోనే చేశాను గానీ, అంచుల్లో పగిలిపోతుంది, వేళ్లు చేసే దగ్గరికి వచ్చేసరికి ముక్కలవుతుంది. ఇంకో చిన్న ముద్దలో పసుపు కలిపి పక్కన పెట్టుకోండి. కొంచెం కుంకుమ, రెండు చీపురు పుల్లలు, ఒక నూలు దారం. పల్లీ గింజ ఒకటి, కందిపప్పు బద్ద ఒకటి, ఖర్జూరం ఒకటి కూడా దగ్గర ఉంచుకోండి, అవి సైజు చూపించడానికి.

ఎందుకంటే మనం చేసే బొమ్మ జానెడు ఉంటుంది, చూసేవాళ్లు పిండం కూడా అంతే అనుకుంటారు. చేతి మొగ్గ వచ్చే రోజున పిండం మొత్తం కలిపి నాలుగు మిల్లీమీటర్లు, అంటే కందిపప్పు బద్దంత. వేళ్ల గీతలు కనబడే సమయానికి పల్లీ గింజంత. వేళ్లన్నీ విడిపోయేసరికి మూడు సెంటీమీటర్ల దాకా, ఖర్జూరమంత. పల్లీ గింజను అరచేతిలో పెట్టి "ఇంత దాంట్లో అరచేయి, పాదం ఉన్నాయి" అంటే పాలమూరు ఆడవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు, పల్లీ వాళ్ల చేతుల్లో పెరిగిన పంట.

మొగ్గ పెట్టడం

పిండిని జీడిపప్పు ఆకారంలో వంచి జానెడు పొడవు చేయండి. ఒక చివర తల, లోపలికి వంగి ఉంటుంది. ఇంకో చివర సన్నగా తోకలాగా ఉండాలి, ఆ రోజుల్లో నిజంగానే ఉంటుంది. ఇప్పుడు రెండు వైపులా చిన్న చిన్న ఉబ్బులు పెట్టాలి. చేతి మొగ్గ భుజం దగ్గర కదా అని చాలామంది కిందికి పెడతారు. కానీ ఆ రోజుల్లో మెడ కింది భాగానికి ఎదురుగా ఉంటుంది. అందుకే పెద్దయ్యాక కూడా చేతికి పోయే నరాలు మెడ నుంచి బయలుదేరతాయి, మెడ ఎముక అరిగినవాళ్లకు చేతిలో తిమ్మిర్లు రావడానికి మూలం ఇక్కడే. కాళ్ల మొగ్గలు నడుము కింద. చేతులది ముందు, కాళ్లది రెండు రోజులు ఆలస్యం, ఆ వెనకబాటు వేళ్లు వచ్చేదాకా అలాగే సాగుతుంది.

మొగ్గను కొంచెం చదును చేసి తెడ్డులాగా లాగండి. ఇప్పుడు దారం తీసుకుని ఆ తెడ్డు చివరి అంచు వెంబడి అతికించండి. ఈ దారం చాలా ముఖ్యం. నిజం మొగ్గలో కూడా చర్మం అంచున ఒక సన్నని గట్టు ఉంటుంది, అది "పెరగండి, ఇంకా పెరగండి" అని లోపలి కణాలకు ఎడతెగకుండా కబురు పంపుతుంది. ఆ కబురు మోసే ప్రోటీన్లను ఎఫ్‌జీఎఫ్‌లు అంటారు. గట్టు ఉన్నంతసేపే మొగ్గ పొడుగవుతుంది.

ఈ సంగతి తెలిసింది కోడిగుడ్ల వల్ల. కోడి పొదిగే 21 రోజుల్లో మూడో రోజుకే రెక్క మొగ్గ కనబడుతుంది. అమెరికాలో జాన్ సాండర్స్ అనే శాస్త్రవేత్త గుడ్డు పెంకుకు చిన్న కిటికీ లాంటి రంధ్రం చేసి, పిండం రెక్క మొగ్గ మీద ఆ గట్టును మాత్రం జాగ్రత్తగా తీసేసి చూశాడు, ఆ ఫలితాలు 1948లో ప్రచురించాడు. గట్టును త్వరగా తీసేస్తే భుజం దగ్గరి ఎముక ఒక్కటే వచ్చి రెక్క అక్కడే ఆగింది. కొంచెం ఆలస్యంగా తీస్తే మోచేయి దాటింది, వేళ్లు రాలేదు. దీన్ని మీరు కూడా చేసి చూపించండి: దారం పీకేసి, పిండిని అక్కడితో ఆపేయండి. ఇంకో మొగ్గకు దారం ఉంచి పూర్తిగా లాగండి. పక్కపక్కన పెడితే, భుజం ముందు, మోచేయి తర్వాత, వేళ్లు చివర అనే వరుస కళ్లకు కనబడుతుంది.

బొటనవేలు ఏ పక్క రావాలో ఎవరు చెప్తారు

ఇది నాకు ఈ మొత్తం పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం, కొంచెం ఎక్కువ సేపు తీసుకుంటాను. తెడ్డుకు రెండు పక్కలు ఉన్నాయి: ఒకటి తల వైపు, ఒకటి తోక వైపు. తోక వైపు మూలలో చిటికెడు కుంకుమ అద్దండి. అద్ది, వేలితో తల వైపుకు కొంచెం రాయండి, రంగు తోక వైపు చిక్కగా, తల వైపుకు పోను పోను పలచగా కావాలి.

నిజంగా జరిగేది దాదాపు ఇదే. ఆ మూలలోని కణాలు ఒక ప్రోటీన్‌ను వదులుతాయి, దాని పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. అది ఎక్కువగా, ఎక్కువసేపు అందిన చోట చిటికెనవేలు, తగ్గుతూ పోయిన కొద్దీ ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు, అసలు అందని చోట బొటనవేలు. ఈ మూలను వేరే కోడిపిల్ల పిండం నుంచి తీసి రెక్క మొగ్గ తల వైపున కూడా అతికిస్తే, అద్దంలో చూసినట్టు రెండు వైపులా వేళ్లు వచ్చాయని 1960ల్లోనే సాండర్స్, ఆయన సహచరులు చూపించారు. ఆ కబురు మోసేది సోనిక్ హెడ్జ్‌హాగ్ అని తేలింది 1993లో.

ఇక్కడ ఆగి ఆరు వేళ్ల గురించి చెప్పండి, ఎందుకంటే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బొటనవేలి పక్కన ఇంకో బొటనవేలు ఉన్న కొన్ని కుటుంబాల్లో, ఆ ప్రోటీన్‌ను ఎక్కడ తయారు చేయాలో చెప్పే జన్యు స్విచ్‌లో చిన్న మార్పు ఉంటుంది, దానివల్ల తల వైపున కూడా కొంచెం కుంకుమ పడినట్టు అవుతుంది. బొమ్మలో ఆ పక్కన ఒక చుక్క అద్ది చూపిస్తే చాలు. మన దగ్గర ఆరు వేళ్లుంటే అదృష్టం అంటారు. ఆ మాట వల్ల తల్లికి బాధ తప్పుతుంది కాబట్టి నేను దాన్ని కాదనను. కానీ డాక్టర్‌కు చూపించడం మానొద్దని మాత్రం గట్టిగా చెప్తాను, ఒక్కోసారి ఆరో వేలితో పాటు గుండెలోనో కిడ్నీలోనో ఇంకేదైనా ఉండొచ్చు.

చేతి వెనక వైపు, అరచేతి వైపు అనే తేడా కూడా ఉంది, దాన్ని పై చర్మం నిర్ణయిస్తుంది. గోరు ఒక వైపే ఎందుకు వస్తుందో దానివల్లే. ఊళ్లో అయితే ఈ ముక్క వదిలేయొచ్చు.

వేళ్లు అతికించకండి, మధ్యలోది తీసేయండి

తెడ్డు చివర ఐదు వేళ్లు చేయమంటే వందలో తొంభై మంది పిండిని సన్నగా చుట్టి, జంతికల ముక్కల్లా ఐదు తెచ్చి అతికిస్తారు. ఇది తప్పు, ఈ తప్పును చేయనిచ్చి తర్వాత దిద్దండి, అప్పుడే గుర్తుంటుంది. పిండంలో వేలు విడిగా మొలవదు. అరచేయి పళ్లెంలా తయారైన తర్వాత దాని లోపల ఐదు చోట్ల కణాలు చిక్కగా గుమిగూడి ఐదు గీతలు అవుతాయి. వాటి మధ్య ఉన్న కణాలు చనిపోతాయి. దెబ్బ తగిలి చావడం వేరు, ఇది వేరు: వాటికి "మీ పని అయిపోయింది" అనే సంకేతం వస్తుంది, అవి తమను తామే ముక్కలు చేసుకుని సద్దుమణుగుతాయి, పక్క కణాలు ఆ ముక్కలను మింగి శుభ్రం చేస్తాయి.

కాబట్టి చీపురు పుల్లతో తెడ్డు మీద ముందు ఐదు గీతల ఉబ్బులు కనబడేలా మధ్యలో నొక్కండి. తర్వాత గోటితో అంచు నుంచి లోపలికి కొంచెం కొంచెం గిల్లి తీయండి. చేతికి గీతలు కనబడేది నెలసరి లెక్కలో 55వ రోజు దగ్గర, కాలికి 60వ రోజు దగ్గర. గిల్లడం పూర్తయ్యేది 70 లోపు. గిల్లకుండా ఒకచోట ఆగిపోతే? అదే అతుకుడు వేళ్లు. చేతిలో ఎక్కువగా నడిమి వేలు, ఉంగరపు వేలు మధ్య ఇలా అవుతుంది. కాలిలో రెండు, మూడు వేళ్లు కొంచెం అతుక్కుని ఉండటం చాలా ఇళ్లలో తాత, తండ్రి, కొడుకు అందరికీ కనబడుతుంది, నడకకు దానితో ఏ ఇబ్బందీ ఉండదు. బాతు కాలికి పొర మిగిలి ఉండేది కూడా ఇందుకే, దాని వేళ్ల మధ్య కణాలకు చావు సంకేతాన్ని అడ్డుకునే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. చెరువులో బాతును చూసిన పిల్లలకు ఈ ఒక్క మాటతో విషయం పట్టుబడుతుంది.

ఇప్పుడు క్యాలెండర్ దగ్గరికి తిరిగి రండి. ఆ తల్లిని నేను ఇదే అడిగాను: గ్రహణం వచ్చినప్పుడు నీకు ఎన్నో నెల? "ఐదో నెల" అంది. మరి వేళ్లు విడిపోయేది ఎప్పుడమ్మా? ఆమే చుక్కల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. రెండున్నర నెలలకే అయిపోయిన పనిని ఐదో నెలలో వచ్చిన గ్రహణం ఎట్లా చెడగొడుతుంది? ఒకవేళ గ్రహణం మొదటి రెండు నెలల్లోనే వచ్చినా సరే, ఆకాశంలో నీడ పడితే కడుపులో కణాలకు తెలిసే దారి ఏదీ లేదు. గ్రహణం మొర్రి అనే మాట కూడా అంతే. పై పెదవి రెండు వైపుల నుంచి వచ్చి అతుక్కునేది చేతులు తయారయ్యే ఆ రోజుల్లోనే. గ్రహణం రోజున గర్భిణిని ఆకలితో, దాహంతో చీకటి గదిలో కూర్చోబెడితే మాత్రం ఆమెకు నీరసం వస్తుంది. అది అత్తలకు కూడా చెప్పాలి, అందుకే మీటింగులకు అత్తలను కూడా రమ్మంటాను.

ఎముక, కండ, మడత

పసుపు ముద్ద ఇప్పుడు తీయండి. వెన్ను పక్క నుంచి చిన్న ముక్కలు తీసుకుని మొగ్గ లోపలికి తోయండి. కండరాలు మొగ్గలో పుట్టవు, వెన్ను పక్కన వరుసగా ఉన్న ముద్దల నుంచి బయలుదేరి లోపలికి వలస వస్తాయి. ఎముక, కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు మాత్రం మొగ్గలోవే. ఎముక అనగానే చీపురు పుల్ల గుచ్చుతారు, వద్దు. మొదట వచ్చేది మృదులాస్థి, చెవి డొప్పను పట్టుకుని వంచితే ఎలా ఉంటుందో అలాంటిది. ఎముకగా గట్టిపడటం నెలసరి లెక్కలో పదో వారం దగ్గర మొదలై, ఇరవై ఏళ్ల వయసు దాకా సాగుతుంది. పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే అక్కడ ఎముకలు దాదాపు కనబడవు. మోకాలి చిప్ప గట్టిపడటం మొదలయ్యేది మూడేళ్లు దాటాక.

ఇంకొకటి, దీనికి పిండి అక్కర్లేదు. అందరినీ కింద కూర్చోమని, రెండు పాదాల అడుగులు ఒకదానికొకటి ఆనించమనండి, మోకాళ్లు బయటికి పోతాయి. చేతులతో ఛాతీ ముందు నమస్కారం పెట్టమనండి, మోచేతులు బయటికి ఉంటాయి. పిండం ఆ రోజుల్లో దాదాపు ఇలాగే ఉంటుంది: అరచేతులు ఎదురెదురుగా, అరికాళ్లు ఎదురెదురుగా, బొటనవేళ్లు నాలుగూ తల వైపు. ఇప్పుడు చేతులు కిందికి వదిలి అరచేతులు ముందుకు తిప్పమనండి. మోచేయి వెనక్కి పోయింది, బొటనవేలు బయటికి వచ్చింది. లేచి నిలబడి కాళ్లు దగ్గరికి తెమ్మనండి. మోకాలు ముందుకు వచ్చింది, బొటనవేలు లోపలికి వచ్చింది. చేయి ఒక వైపు, కాలు దానికి ఎదురు వైపు తిరిగాయి. అందుకే మోచేయి వెనక్కి, మోకాలు ముందుకు. నర్సింగ్ పిల్లలు దీన్ని చదివి ఎప్పుడూ తికమక పడతారు, ఒంటితో ఒక్కసారి చేస్తే ఇక మర్చిపోరు. చీర కట్టుకున్న పెద్దవాళ్లను బలవంతం చేయకండి, వాళ్లు చూస్తే చాలు.

నల్లగొండ వైపు వెళ్తే వచ్చే ప్రశ్న

నల్లగొండ జిల్లాలో ఈ మీటింగ్ పెడితే ఫ్లోరైడ్ గురించి అడగకుండా ఉండరు, అడగాలి కూడా. మర్రిగూడ, మునుగోడు వైపు ఒంగిన కాళ్లు, బిగుసుకుపోయిన కీళ్లతో బతికిన మనుషులను వాళ్లు ఇళ్లలోనే చూశారు. ఇక్కడ చాలా స్పష్టంగా చెప్పండి: ఫ్లోరైడ్ వల్ల వంగిన కాలు మొగ్గలో తప్పు జరిగి వచ్చింది కాదు. ఆ బిడ్డ ఐదు వేళ్లతో, మంచి కాళ్లతో పుట్టి ఉంటాడు. తర్వాత ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగి, తిండిలో కాల్షియం కూడా తక్కువై, పెరిగే ఎముక చెడింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగొద్దు. నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చే ఊళ్లలో కూడా నీళ్లు రాని రోజున బోరు నీళ్లే తాగుతుంటారు, పాలు తాగే, పెరిగే పిల్లలున్న ఇంట్లో ఆ అలవాటు వద్దు. కడుపులోనే వచ్చిన లోపం, పుట్టాక వచ్చిన లోపం రెండూ ఒకటేనని అనుకుంటే, నీళ్ల దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్త జాతకం మీదికి పోతుంది.

చేతులు, కాళ్లు తయారయ్యే ఆ రోజుల్లో ఏం చేయొద్దు

క్యాలెండర్ మీద 34 నుంచి 50 దాకా ఎర్ర గీత గీయండి. థాలిడోమైడ్ అనే మందు చేతులు, కాళ్లను దెబ్బతీసిన రోజులు ఇవే. 1957లో జర్మనీలో దీన్ని నిద్రకు, వాంతులకు సురక్షితమని అమ్మారు, 1961 చివర్లో ఆపేసేలోగా ప్రపంచంలో పది వేల మందికి పైగా పిల్లలు పొట్టి చేతులతోనో, భుజానికే అంటుకున్న వేళ్లతోనో పుట్టారు. ఒక్క మాత్ర చాలు, ఆ రోజుల్లో పడితే. అదే మందు ఆ రోజులు దాటాక వేసుకున్నవాళ్ల పిల్లలకు చేతులు బాగానే ఉన్నాయి. ఆ మందు ఇప్పటికీ ఉంది, కుష్టులో వచ్చే ఒక రకం రియాక్షన్‌కు, ఒక రకం రక్త క్యాన్సర్‌కు గట్టి జాగ్రత్తలతో ఇస్తారు, కాబట్టి ఇది పాత కథ కాదు.

మన ఊళ్లలో నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం వేరే. నెల తప్పితే ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రలు తెచ్చుకోవడం. అవి పనిచేయక గర్భం అలాగే నిలిస్తే, ఆ మాత్రల్లో ఉండే మిసోప్రోస్టాల్ వల్ల బిడ్డ వేళ్లు, చేతులు, కాళ్ల చివర్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. మా దూరపు బంధువుల్లో ఒక కోడలు ఇలా వేసుకుని, పనిచేయలేదని తెలిసి, భయంతో టిఫా స్కాన్ (ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) దాకా ఎవరికీ చెప్పలేదు, ఆ నాలుగు నెలలు ఆమె ఒక్కతే ఆ టెన్షన్ మోసింది. వేసుకున్నవాళ్లు దాచకండి, డాక్టర్‌కు చెప్పండి, తిట్టినా చెప్పండి.

మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, గుండె వాల్వు మార్చినవాళ్లు వాడే వార్ఫరిన్, ఈ మూడూ ఎదిగే పిండానికి మంచివి కావు. వాడుతున్నవాళ్లు భయపడి సొంతంగా ఆపేయొద్దు, మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే తల్లి ప్రాణానికే ముప్పు. పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టర్ దగ్గరికి పోయి మార్పించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు కూడా అంతే, గర్భం నిలవకముందే షుగర్ అదుపులోకి తెచ్చుకోవాలి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ముందు నుంచే వేసుకోమని చెప్పండి. దాని అసలు పని వెన్నుపాము గొట్టం సరిగ్గా మూసుకోవడం, ఆ గొట్టం మూసుకునేది చేతి మొగ్గ వచ్చే ఆ రోజుల్లోనే. మేనరికం చేసుకున్న ఇంట్లో ఇంతకుముందు ఇలాంటి బిడ్డ ఉంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి.

ఇవన్నీ చెప్పాక తప్పకుండా ఇది కూడా చెప్పండి: అన్నీ జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి లోపం వస్తుంది, చాలాసార్లు కారణం దొరకదు. ఇది చెప్పకుండా లేచి వస్తే, గ్రహణం మాట పోయి మాత్ర మాట పట్టుకుని అదే తల్లిని మళ్లీ నిందిస్తారు.

స్కాన్‌లో, పుట్టాక ఏం చూడాలి

18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో చేతులు, కాళ్లు నాలుగూ చూస్తారు, తొడ ఎముక పొడవు కొలుస్తారు, రిపోర్టులో ఎఫ్‌ఎల్ అని ఉండేది అదే. 11 నుంచి 14 వారాల స్కాన్‌లో కూడా నాలుగూ ఉన్నాయా లేదా తెలుస్తుంది. వేళ్లు లెక్కపెట్టడం బిడ్డ పిడికిలి తెరిచినప్పుడే కుదురుతుంది, కాబట్టి రిపోర్టులో ఆరో వేలు రాయలేదని డాక్టర్ మీద కోప్పడొద్దు.

పుట్టిన రోజే బట్ట విప్పి వేళ్లు లెక్కపెట్టండి, పాదాలు చూడండి. పాదం లోపలికి మెలి తిరిగి ఉంటే, నూనె మర్దనతో సరవుతుందని ఆరు నెలలు ఆగొద్దు. మొదటి వారాల్లో తీసుకుపోతే వారం వారం కట్టు మార్చుతూ ఐదారు కట్లలో పాదాన్ని తిప్పుతారు, చాలామందికి మడమ వెనక తాడును చిన్నగా కోస్తారు, తర్వాత ప్రత్యేకమైన బూట్లు వేస్తారు, మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆ తర్వాత నాలుగేళ్ల వయసు వచ్చేదాకా రాత్రిపూట. దీన్ని పొన్సెటి పద్ధతి అంటారు. ఆ బూట్ల దగ్గరే ఇళ్లలో వదిలేస్తారు, బిడ్డ ఏడుస్తున్నాడని. వదిలేస్తే పాదం మళ్లీ తిరుగుతుంది. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ వంకర పాదం ఉంది, జిల్లా ఆసుపత్రికి ఎట్లా పోవాలో మీ ఆశా వర్కర్‌ను అడగండి.

ఆరో వేలు సన్నని తొడిమతో వేలాడుతుంటే ఇళ్లలో దారంతోనో తల వెంట్రుకతోనో బిగించి కట్టేస్తారు, నల్లబడి రాలిపోతుందని. అలా కట్టొద్దు. లోపల నరం, రక్తనాళం ఉంటాయి, చీము పట్టొచ్చు, మొండి ముక్క మిగిలి జీవితాంతం నొప్పి పెట్టొచ్చు. లోపల ఎముక ఉందో లేదో ఎక్స్‌రే చూసి, ఎప్పుడు తీయాలో డాక్టర్ చెప్తారు. అతుకుడు వేళ్లకు కూడా ఆపరేషన్ ఉంది, సాధారణంగా ఏడాది దాటాక చేస్తారు, వేళ్ల పొడవుల్లో తేడా ఉన్నవి అయితే ఇంకా ముందే. వంకాయల సంగతి అడిగిన తల్లి కొడుక్కి ఆ ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆ పిలగాడు పలక పట్టుకుని రాస్తున్నాడు, మొన్న మీటింగ్‌కు వాళ్ల నానమ్మే వాడిని చంకన వేసుకుని వచ్చింది, పిండి ముద్ద నా చేతిలోంచి తీసుకుని వేళ్లు గిల్లడం తనే చూపించింది.